న్యాయం చెప్పేవాడికి న్యాయం చెప్పేదెవరు?



విదురుడి పుట్టుక గురించి మనం చేసిన వీడియో చూసి ఒక పెద్దాయన నన్ను ఇలా అడిగారు. "బాబూ, టీవీల్లో, పేపర్లలో కూర్చుని పొద్దస్తమానం మనకి నీతులు చెప్పే వామపక్ష మేధావులు ఉన్నారు కదా. మన గుళ్లని, మన పండగల్ని ప్రశ్నిస్తారు. ప్రభుత్వాల్ని ప్రశ్నిస్తారు. బాగానే ఉంది. కానీ తప్పు వాళ్లవాళ్లదైతే నోరు మెదపరు. వాళ్లని అడిగేదెవరు? దీని మీద ఒక వీడియో చెయ్యకూడదూ?"

ఆయన ఆవేదన నాకు అర్థమైంది. కానీ ఇలాంటి విషయం వీడియోలో చెబితే చివరికి కేకలే మిగులుతాయి. కాస్త నెమ్మదిగా ఆలోచించుకోవాల్సిన మాట ఇది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ విదురుడి కథలోకే వెళ్దాం. మాండవ్య మహర్షి మౌనవ్రతంలో ఉండగా దొంగలు ఆయన ఆశ్రమంలో దాక్కున్నారు. రాజభటులు వచ్చి అడిగితే ఆయన పలకలేదు. దొంగలతో పాటు ఆయన్నీ పట్టుకుపోయి కొరత వేశారు. తపోబలంతో ప్రాణం పోలేదు. తర్వాత ఆయన నేరుగా యమధర్మరాజు దగ్గరికి వెళ్లి, "నేను చేసిన పాపమేమిటి?" అని నిలదీశాడు. చిన్నప్పుడు పురుగుల్ని పుల్లతో గుచ్చావు, దాని ఫలితమే ఇది అన్నాడు యముడు. "ఊహ తెలియని వయసులో చేసిన పనికి ఇంత శిక్షా?" అన్నాడు మహర్షి. భూలోకంలో దాసి కడుపున పుట్టమని ధర్మరాజునే శపించాడు. 14 ఏళ్ల లోపు పిల్లలు చేసినది పాపం కింద రాదని కొత్త హద్దు కూడా పెట్టాడు. అలా పుట్టినవాడే విదురుడు.

లోకంలో అందరి లెక్కలూ చూసేవాడికి కూడా ఒక లెక్క చెప్పాల్సిన రోజు వచ్చింది. "నేను ధర్మదేవతని, నన్నడిగేదెవరు" అనే వీలు ఆయనకే లేకపోయింది. మరి పెన్ను పట్టుకుని తీర్పులు చెప్పేవాళ్లకి, మైకు పట్టుకుని తీర్పులు చెప్పేవాళ్లకి (ఇందులో నేనూ ఉన్నాను) ఆ వీలు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకి వద్దాం. ఊరికే "వాళ్లంతా ఇంతే" అనేస్తే అది నింద అవుతుంది. నిజంగా జరిగిన సంగతి ఒకటి చూద్దాం.

2007 మార్చి 14న పశ్చిమ బెంగాల్‌లోని నందిగ్రామ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. 14 మంది చనిపోయారు. కెమికల్ హబ్ కోసం తమ భూములు పోతాయన్న భయంతో ఎదురు తిరిగిన పల్లెజనం వాళ్లు. అప్పుడు అక్కడ ఉన్నది వామపక్ష ప్రభుత్వం. భూమి దున్నేవాడిదే అని దశాబ్దాలు చెప్పిన పార్టీ ప్రభుత్వం.

అదే ఏడాది జూలై 28న మన ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులు జరిగాయి. పేదలకి భూములు, ఇళ్ల స్థలాలు ఇవ్వాలని వామపక్షాలు చేస్తున్న పోరాటం అది. బంద్ రోజున కాల్చారు, మనుషులు పోయారు. అప్పుడు మన రాష్ట్రంలో ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం. వామపక్షాలు గట్టిగా నిలదీశాయి. నిలదీయాల్సిందే, అందులో తప్పు లేదు.

రెండు చోట్లా పేదవాళ్లే, రెండు చోట్లా భూమి గురించే, తూటా కూడా అదే. మధ్యలో నాలుగున్నర నెలలే తేడా. ముదిగొండలో "హత్య" అన్న నోళ్లలో కొన్ని నందిగ్రామ్ దగ్గరికి వచ్చేసరికి "పరిస్థితి సంక్లిష్టం", "ప్రతిపక్షాల కుట్ర", "రెండు వైపులా చూడాలి" అన్నాయి. ఆ నవంబరులో నందిగ్రామ్‌లో మళ్లీ హింస చెలరేగినప్పుడు, ఎదుటివాళ్లకి వాళ్ల నాణెంతోనే బదులు దక్కిందన్న అర్థం వచ్చేలా అప్పటి ముఖ్యమంత్రి బుద్ధదేవ్ భట్టాచార్య మాట్లాడారు. ఆ రోజుల్లోనే చోమ్‌స్కీ, తారిఖ్ అలీ వంటి పెద్ద పేర్లతో విదేశాల నుంచి ఒక లేఖ వచ్చింది. అమెరికా ఇరాక్‌ని ధ్వంసం చేసి ఇరాన్‌ని బెదిరిస్తున్న కాలంలో వామపక్షాన్ని చీల్చుకోవడం మంచిది కాదని దాని సారాంశం. ఎక్కడి ఇరాక్, ఎక్కడి నందిగ్రామ్! కొడుకుని పోగొట్టుకున్న తల్లికి ఆ మాట ఏం ఓదార్పు ఇస్తుంది?

కానీ కథ ఇక్కడితో ఆపేస్తే నేనూ అబద్ధం చెప్పినట్టే. ఎందుకంటే నందిగ్రామ్ గురించి గట్టిగా అరిచినవాళ్లలో కూడా వామపక్ష భావాలవాళ్లే చాలామంది ఉన్నారు. పేదల కోసమే జీవితమంతా రాసిన మహాశ్వేతాదేవి ఆ ప్రభుత్వాన్ని నిలదీశారు. చరిత్రకారుడు సుమిత్ సర్కార్ ఆ ప్రభుత్వం నుంచి అందుకున్న రవీంద్ర పురస్కారాన్ని వెనక్కి ఇచ్చేశారు. విదేశాల నుంచి వచ్చిన ఆ లేఖకి వాళ్లూ, అరుంధతీ రాయ్ లాంటివాళ్లూ కలిసి జవాబు రాశారు. తమ పక్షం వాళ్లే ద్రోహులంటారని తెలిసి కూడా మాట్లాడారు.

మన భారతంలో దీనికి ఒక పేరుంది. వికర్ణుడు. నిండు సభలో ద్రౌపదిని ఈడ్చుకొస్తే భీష్ముడు ధర్మసూక్ష్మం తెలియడం లేదన్నాడు, ద్రోణుడు తల వంచుకున్నాడు. దుర్యోధనుడి సొంత తమ్ముడు వికర్ణుడు లేచి ఇది అధర్మం అన్నాడు. కర్ణుడు చిన్నవాడివి కూర్చోమని కసిరాడు. పాండవ పక్షం వాడు ఆ మాట అని ఉంటే అందులో విశేషమేమీ లేదు. కౌరవుడు అన్నాడు కాబట్టే ఇన్ని వేల ఏళ్లు గుర్తుంది.

మనిషి నిజాయితీకి గీటురాయి ఇదే. ఎదుటివాడి తప్పు మీద ఎంత గట్టిగా అరిచాడన్నది కాదు, తనవాడి తప్పు దగ్గర ఏం చేశాడన్నది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. చెప్పింది చెప్పినట్టు బతకలేకపోవడం వేరు, కపటం వేరు. సిగరెట్ మానలేని తండ్రి కొడుకుతో "ఇది చెడ్డదిరా, నేను మానలేక చస్తున్నా" అంటే అది బలహీనత. అదే తండ్రి చాటుగా తాగుతూ, బయట తాగేవాళ్లందర్నీ ఛీ కొడుతుంటే అది కపటం. భగవద్గీత మూడో అధ్యాయంలో స్వామి ఇలాంటివాణ్ణే మిథ్యాచారుడు అన్నాడు. బయట ఇంద్రియాలు కట్టేసుకుని, లోపల విషయాల్ని తలుచుకునేవాడు. బలహీనుడికి తన తప్పు తనకి తెలుసు. మిథ్యాచారుడి దగ్గర రెండు తక్కెడలు ఉంటాయి. ఒకటి ఊరికి, ఒకటి ఇంటికి.

చెప్పింది బతికి చూపించిన కమ్యూనిస్టులు కూడా మన నేల మీద ఉన్నారు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య పేరు చివర రెడ్డి తీసేశారు, ఆస్తి వదిలేశారు, పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్లారు. ఆయన దారి మన దారి కాదు. అయినా ఆయన చెప్పిన మాటకీ బతికిన బతుకుకీ మధ్య దూరం చాలా తక్కువ. దానికి దణ్ణం పెట్టడానికి భక్తుడికి నామోషీ ఉండకూడదు.

ఇక జవాబుదారీ సంగతి. 1975లో ఎమర్జెన్సీ పెట్టి పత్రికల నోరు కట్టేసినప్పుడు సీపీఐ దాన్ని సమర్థించింది. అప్పుడు ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి మన తెలుగువాడే, చండ్ర రాజేశ్వరరావు. 1978లో భటిండా మహాసభలో ఆ సమర్థన తప్పని అదే పార్టీ తీర్మానించుకుంది. 1977లో జనం ఓడించాక గానీ ఆ జ్ఞానం రాలేదని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ తప్పుని కాగితం మీద "ఇది తప్పు" అని రాసుకోవడం చిన్న విషయం కాదు. ఆ మాట అనలేక ఎన్నో పార్టీలు, ఎన్నో పత్రికలు, ఎన్నో మఠాలు కూడా కాలం గడిపేశాయి.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. ఎదుటివాడు కపటి అని తేలిపోయాక మనకి ఒక హాయి కలుగుతుంది. "వాడికే దిక్కు లేదు, మనకి చెప్పొచ్చాడు" అనుకుంటాం. అక్కడే మోసపోతాం. నందిగ్రామ్ గురించి మాట్లాడనివాడు ముదిగొండ గురించి చెప్పింది అబద్ధం అయిపోదు. ముదిగొండలో చనిపోయినవాళ్లు నిజంగానే చనిపోయారు. అలాగే వామపక్ష విశ్లేషకుడెవరో మన గుడిలో కులవివక్ష గురించి అడిగాడనుకోండి. వాడు తన పక్షం తప్పుల గురించి మాట్లాడడన్నది వాడి పాపం. గుమ్మం దగ్గర ఎవరినైనా ఆపి ఉంటే అది మన పాపం. వాడి పాపం చూపించి మన పాపం కడుక్కోలేం. గంగలో మునిగినా ఎవరి మునక వాళ్లే మునగాలి.

ఈ మాట రాసే అర్హత నాకుందా అని రెండు రోజులు ఆలోచించాను. ఎందుకంటే నా దగ్గరా ఒక బాకీ ఉంది.

కొంతకాలం కింద ఒక గుడి గురించి వీడియో చేశాను. అక్కడ జరిగే ఒక వింతని చూసి శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారని చెప్పాను. బాగా చూశారు, బాగా పంచుకున్నారు. ఒక అబ్బాయి చాలా మర్యాదగా అడిగాడు, "ఏ శాస్త్రవేత్తలండీ? ఎక్కడ చెప్పారు?" అని. నా దగ్గర జవాబు లేదు. వాట్సాప్‌లో వచ్చింది చదివి చెప్పేశాను. ఆ అబ్బాయికి జవాబు ఇవ్వకపోగా అతని ప్రశ్న ఎవరికీ కనపడకుండా చేశాను. నెల తర్వాత వీడియో కూడా చప్పుడు లేకుండా తీసేశాను. పైగా నాలో నేను "నాస్తికుడై ఉంటాడులే" అనుకున్నాను.

టీవీలో వాళ్లు చేస్తున్నారని మనం తిట్టే పని సరిగ్గా ఇదే కదా! అడిగినవాడి పక్షం ఏమిటో చూశాను గానీ, అడిగింది నిజమా కాదా చూడలేదు. తప్పు దాచాను గానీ ఒప్పుకోలేదు. నందిగ్రామ్ అంత పెద్ద విషయం కాదు, మనిషి ప్రాణం పోలేదు. కానీ తక్కెడ మాత్రం అదే తక్కెడ.

కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. ఆ వీడియోలో శాస్త్రవేత్తల మాట నాకు ఆధారం లేకుండా చెప్పింది. అది తప్పు. అడిగిన ఆ అబ్బాయికి క్షమాపణ. ఇక మీదట మన వీడియోల్లో ఏదైనా తప్పని తేలితే, మాయం చెయ్యను. ఏది తప్పో, ఎందుకు తప్పో కిందే రాసి ఉంచుతాను. స్వామి మహిమకి నా అబద్ధం ఊతం అక్కర్లేదు. ఆయనకి అక్కర్లేని అబద్ధం నాకు ఎందుకు కావాల్సి వచ్చిందో నేనే ఆలోచించుకోవాలి.

పెద్దాయనా, మీ ప్రశ్నకి నా జవాబు ఇదీ. వాళ్లని అడగాలి, తప్పకుండా అడగాలి. ఊరికే తిట్టకుండా తేదీతో, సాక్ష్యంతో అడగాలి. వాళ్లలో వికర్ణుడు కనిపిస్తే గౌరవించాలి. వాళ్లు మనల్ని అడిగినప్పుడు మనం కూడా అదే తక్కెడలో నిలబడాలి.

శాపం పొందిన యమధర్మరాజు విదురుడై పుట్టి ఏం చేశాడో గుర్తు చేసుకోండి. జీవితమంతా తాను ఉప్పు తిన్న ఇంట్లోనే, తన రాజుకే, తన అన్నకే నిజం చెప్పాడు. శత్రుపక్షానికి పని చేస్తున్నావని దుర్యోధనుడు తిట్టాడు. ఒకసారి ధృతరాష్ట్రుడు వెళ్లిపొమ్మన్నాడు కూడా. అయినా మానలేదు. ఊరందరికీ తీర్పు చెప్పినవాడు చివరికి సొంత ఇంట్లో నిజం చెప్పడం నేర్చుకున్నాడు. బహుశా ఆ శాపం ఉద్దేశం కూడా అదేనేమో.

ఈ రాత్రి దీపం పెట్టాక ఒక్క నిమిషం ఆలోచిద్దాం. మనం మనవాళ్లన్న ఒక్క కారణంతో ఎవరి తప్పు దగ్గర మౌనంగా ఉన్నాం? ఆ ఒక్క పేరు గుర్తొస్తే చాలు, ఈ వారం సత్సంగం పూర్తయినట్టే.

శ్రీకృష్ణార్పణమస్తు.