శ్లేష్మానికి రెండర్థాలు

రెండేళ్ళ కింద, శివరాత్రి జాతర రద్దీ తగ్గాక, వేములవాడలో కోడె మొక్కు చెల్లించాం. బాపు దగ్గు తగ్గితే కోడెను కడతానని అమ్మ మొక్కుకుంది. దగ్గు తగ్గలేదు. అయినా మొక్కును ఎక్కువ రోజులు ఆపొద్దంది. పగ్గం నా చేతిలో ఉంది. గుడి చుట్టూ తిరుగుతుంటే కోడె ఒక్కసారి తల విదిలించింది. మూతికి వేలాడుతున్న చొంగ తీగలా సాగి నా చొక్కా మీద పడింది. వెనకాల వస్తున్న పెద్దమ్మ ఎవరో "రాజన్న దీవించిండు" అని నవ్వింది. నేనూ నవ్వాను. అరచేత్తో తుడుచుకుని, అదే చేత్తో కోడె మెడ నిమిరి కళ్ళకద్దుకున్నాను.

అదే పొద్దున సిరిసిల్లలో, మా ఇంట్లో, బాపు మంచం కింది డబ్బాను పెరట్లోకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అడుగున బూడిద పోసిన పాత రేకు డబ్బా. రాత్రంతా దగ్గి ఊసిన తెమడ అందులో ఉంటుంది. ముఖం పక్కకు తిప్పుకుని, చేయి బార చాపి, రెండు వేళ్ళతో పట్టుకుని నడిచాను. అమ్మ చూసింది. "గంత దూరం పట్టుకుంటె ఒలుకుతది కొడుకా. దగ్గర పట్టుకో" అంది.

ఆ ఇంటికీ ఆ గుడికీ మధ్య పది పన్నెండు కిలోమీటర్లు. కోడె చొంగకైనా, మనిషి తెమడకైనా జిగురునిచ్చేది మ్యూసిన్లు అనే ప్రోటీన్లే. ఒళ్ళంతా చక్కెర గొలుసులు తగిలించుకుని నీటిని పట్టి ఉంచే పొడవాటి అణువులవి. మిగిలిందంతా దాదాపు నీళ్ళే. మరి ఒకదాన్ని కళ్ళకద్దుకుని, ఇంకోదానికి ముఖమెందుకు తిప్పుకున్నాను? రోత వస్తువులోనే ఉంటుందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

బాపు 30 ఏళ్ళు సాంచలు నడిపాడు. షెడ్డులో నూలు దుమ్ము గాల్లో కనిపిస్తూనే ఉండేది, కనుబొమ్మల మీద తెల్లగా పేరుకునేది. ముక్కు నుంచి ఊపిరితిత్తుల గొట్టాల దాకా మనకు లోపల ఒక తడి పూత ఉంటుంది. దుమ్మూ, క్రిములూ దానికి అతుక్కుంటాయి. కింద ఉన్న కంటికి కనిపించని నూగు ఆ పూతను నెమ్మదిగా గొంతు వైపు తోస్తుంటుంది. అక్కడిదాకా వచ్చినదాన్ని తెలియకుండానే మింగేస్తుంటాం. ముక్కూ గొంతుల్లో రోజుకు దాదాపు లీటరు తయారవుతుందంటారు. ఈ వాక్యం చదువుతూ కూడా మీరు కొంత మింగే ఉంటారు. దుమ్ము మరీ ఎక్కువైతే, ఏళ్ళ తరబడి పడితే, పూత చిక్కబడుతుంది, నూగు దెబ్బతింటుంది. అప్పుడు ఆ పని దగ్గు చేయాలి. డబ్బాలో ఉన్నది జబ్బు అనుకున్నాను. అందులో సగం, జబ్బుతో ఆయన ఒళ్ళు రాత్రంతా చేసిన కొట్లాట.

1920ల మొదట్లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్, జలుబు చేసినప్పుడు తన చీమిడినే తీసి బ్యాక్టీరియా పెరుగుతున్న గాజు పళ్ళెంలో వేశాడు. దాని చుట్టూ బ్యాక్టీరియా కరిగిపోయింది. అలా దొరికిందే లైసోజైమ్. పెన్సిలిన్ కంటే ఆరేడేళ్ళ ముందటి మాట. బళ్ళో మాకు పెన్సిలిన్ కథే చెప్పారు. చీమిడి కథ ఎవరూ చెప్పలేదు.

కొరమీనును కోసే ముందు అమ్మ బూడిద రుద్దుతుంది, లేకపోతే చేతిలో నిలవదు. నీళ్ళల్లో క్రిములను ఆపేది ఆ జిగురే. చెరువు మీద మోటుగా పట్టి జిగురు ఊడగొడితే, తిరిగి వదిలిన చేప కూడా రోగం తగిలి చావొచ్చు. వానపాము చర్మంతో ఊపిరి తీసుకోవాలంటే ఒళ్ళు తడిగా ఉండాలి. ఇక మన కడుపులో ఈ పూత లేకపోతే, అన్నాన్ని అరిగించే ఆమ్లం కడుపునే అరిగించేస్తుంది. ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదులో ఉబ్బసం ఉన్నవాళ్ళు వేలమంది వరుస కట్టి, బతికున్న కొరమీను పిల్లను మందుతో సహా మింగుతారు. ఆ మందు పనిచేస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. నాకు ఆసక్తి ఇంకోచోట. గొంతులో జిగురుతో బాధపడేవాళ్ళు, జిగురుతో జారే చేపను, రోత పక్కన పెట్టి మింగుతున్నారు. నమ్మకం ఉన్నప్పుడు రోత ఎక్కడికి పోతుంది?

సార్త్ర్ 1943లో రాసిన 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్' చివర్లో జిగురు గురించి కొన్ని పేజీలున్నాయి. గట్టిదీ కాదు, నీరూ కాదు. నేను పట్టుకున్నాననుకునేలోపు అదే నన్ను పట్టుకుంటుంది, నన్ను కరిగించేస్తుందన్న భయం పుట్టిస్తుంది. డబ్బా పట్టుకున్న నా రెండు వేళ్ళ భయం అచ్చంగా అదే. కానీ ఒంటి సంగతి చూస్తే తిరగేసి ఉంది. మనం కరిగిపోకుండా కాపాడుతున్నది ఆ జిగురే.

సంస్కృతం ఈ విషయంలో నయం. శ్లేష్మం, శ్లేష, ఆశ్లేషం, మూడూ 'శ్లిష్' అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. అంటుకోవడం, కౌగిలించుకోవడం అని అర్థం. ఒకే మాటలో రెండర్థాలు అతుక్కుని ఉంటే శ్లేష. వేములవాడ భీమకవి రాఘవపాండవీయం రాశాడని పెద్దలు చెప్పుకునేవారట. అది ఎవరికీ దొరకలేదు. ఆ పేరుతో మనకు మిగిలింది పింగళి సూరనది. (ఆ భీమకవిది ఏ వేములవాడ అన్న తగువు పండితులకు ఇంకా ఉంది. మా జిల్లావాణ్ణి గనక నేను మావైపే.) రామాయణాన్నీ భారతాన్నీ ఒకే పద్యంలో చదవగలిగినవాళ్ళకు, కాపలానీ కల్మషాన్నీ ఒకే తెమడలో చూడటం అంత కష్టమా?

కష్టమే. రోత ఉత్త మూర్ఖత్వం కూడా కాదు. క్షయ ఉన్న మనిషి దగ్గితే దూరం జరగడంలో న్యాయముంది, డబ్బాలో బూడిద పోయడంలో తెలివుంది. చిక్కేమిటంటే రోతకు వివరం తెలియదు. ఎవరు చూపిస్తే వాళ్ళ మీదికి పోతుంది. పీష్వాల పుణేలో అంటరానివాళ్ళు తమ ఉమ్మి నేల మీద పడకుండా మెడలో ముంత కట్టుకుని తిరగాల్సి వచ్చిందని అంబేడ్కర్ 1936లో రాశాడు. వాళ్ళ ఉమ్మిలో ఉన్నదే ముంత కట్టించినవాళ్ళ నోట్లోనూ ఉంది. నేను కోడెను ఒకలా, బాపును ఒకలా చూసిన పొద్దునకూ ఆ ముంతకూ చాలా దూరముందని చెప్పుకోవాలని ఉంటుంది. ఎంత దూరమో కొలవబోతే మాత్రం తడబడతాను.

తర్వాతి నెల డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. "తెమడ ఏ రంగులో వస్తోంది?" అని అడిగాడాయన. నాకు తెలియదు. రోజూ నాలుగొందల లైన్ల ఎర్రర్ లాగ్‌లు ఓపిగ్గా చదివేవాణ్ణి, ఇంట్లో ఉన్న ఒక్క లాగ్ చూడలేదు. అమ్మే చెప్పింది: పొద్దున పసుపుగా, చిక్కగా, మాపటికి తెల్లగా, చలికాలం రెండుసార్లు పచ్చగా. పచ్చగా ఎందుకొస్తుందో డాక్టర్ చెప్పాడు. క్రిములతో పోట్లాడే తెల్ల రక్తకణాల్లో ఆ రంగున్న ఎంజైమ్ ఉంటుందట.

బస్సులో వస్తూ అమ్మనడిగాను, ఇన్నేళ్ళు రోత అనిపించలేదా అని. ప్రేమ గురించి ఏదో చెబుతుందని ఎదురుచూశాననుకుంటా.

"ఎందుకనిపియ్యది? ఇప్పటికీ కడుపుల తిప్పుతది. డబ్బా నిండితె పారబొయ్యాలె గద."

కిటికీ పక్కన బాపు నిద్రపోతున్నాడు, లేదా నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

నెలకు రెండు వారాలు సిరిసిల్ల నుంచే పనిచేస్తున్నాను. ఫోన్లో ఒక నోట్ ఉంది: తేదీ, రంగు, చిక్కదనం, డబ్బా ఎంత నిండింది. నిన్నటిది తెలుపు, పల్చన, సగం కంటే తక్కువ. ఇవాళ్టిది ఇంకా చూడలేదు.