వింటివేటయు వీరధర్మమును

తుపాకితో సింహమును చంపుట పిరికిపని యనియు, వింటితో చంపుట వీరకృత్యమనియు తలచువారు నాగరికులలోనే పెక్కురు గలరు. జీవహింస కూడదని మాంసమును విసర్జించిన నా మిత్రులలో సయితము ఒకరిద్దరు ఈ మాటకు తల యూచుట నేను చూచియున్నాను. వారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. దూరమున నిలిచి యంత్రపు మీట నొక్కువానికి అపాయ మేమున్నది? విలుకాడో, మృగము ఊపిరి వినబడునంత చేరువకు పోవలెను. గురి తప్పెనా, తన ప్రాణమే పోవచ్చును. ప్రాణమునకు ప్రాణము పణముగా నొడ్డినవాడు క్రూరు డెట్లగునని వారందురు. ఈ ప్రశ్నను సోదరులు నాతోకూడ కొంచెము నిదానముగా విచారింప గోరుచున్నాను.

ఈ వేట నేటి రూపమున మన పురాణములనుండి వచ్చినది కాదు, అమెరికాలో పుట్టినది. 1911వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణపు పొలిమేరలో ఒక ఆదిమజాతివాడు ఆకలితో బయటపడెను. తెల్లవారి చేతులలో నాశనమైన యాహీ తెగవారిలో మిగిలినవా డతడొక్కడే. అతనిని ఇషీ యని పిలిచి, శాన్ ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో ఉంచిరి. ఆ విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యుడు సాక్స్‌టన్ పోప్ అతనికి చికిత్స చేయుచు, విల్లు చెక్కుటయు అమ్ము దిద్దుటయు పొంచియుండుటయు అతనివలన నేర్చెను. ఇషీ 1916లో క్షయవ్యాధిచే గతించెను. అటుపిమ్మట పోప్‌ను అతని చెలికాడు ఆర్థర్ యంగును 1920లో ఎలోస్టోన్ వనమున ప్రదర్శనశాల నిమిత్తము గ్రిజ్లీ భల్లూకములను, 1925లో టాంగన్యికాలో సింహములను వింటితో కొట్టిరి. 1923లో పోప్ ప్రకటించిన గ్రంథము ఈ వేటగాండ్రకు పాఠ్యపుస్తక మయ్యెను. హోవార్డ్ హిల్ అనువాడు ఆఫ్రికాలోని తన వింటివేటను 1952లో 'టెంబో' యను చలనచిత్రముగా లోకమునకు చూపెను. ఇషీ విల్లు పట్టినది కడుపుకూటికి. ఒక జాతికి కూడు పెట్టిన విద్య, ఆ జాతి మట్టిలో కలిసిన పిదప, శిష్యుని చేతిలో వినోదమయ్యెను! మన నల్లమల చెంచుల విల్లును కూడ ఈ విచారణలోనికి లాగుట న్యాయము కాదు. ఆకలిగొన్నవాని కథ వేరు.

అమ్ము ప్రాణము తీయు విధము నెరుగక ఈ వాదమును తూచలేము. పెద్ద తుపాకి గుండు మెదడును తాకెనా, మృగము నిలిచినచోటనే కూలును. అమ్ము అట్టిది కాదు. కత్తివాదరవంటి దాని మొన లోనికి దిగి నాళములను కోయును. నెత్తురు కారియో, ఊపిరితిత్తులు క్రుంగియో మృగము చచ్చును. రెండు ఊపిరితిత్తులలోగుండ సూటిగా దూసిపోయినచో కొలదికాలములోనే ముగియునని వేటగాండ్రు చెప్పుదురు. జింకవిషయమున అది సత్యమే. కాని ఏనుగు చర్మము కొన్నిచోట్ల అంగుళము మందము. ఆఫ్రికా అడవిదున్న ప్రక్కటెముకలు వెడల్పై, ఒకదాని నొకటి ఒరసికొని కవచమువలె నుండును. కప్పీలమర్చిన నేటి విండ్లు మిక్కిలి బలమైనవే. అయినను అమ్ము వింటిని విడిచిన క్షణమున ఆ మృగము ఒక్క యడుగు వేసినచో, తగులవలసినచోట తగులదు. అప్పుడు అది పొదలలో దూరును. ఎంతసేపటికి చచ్చునో, అసలు చచ్చునో లేదో ఎవ్వరికి తెలియును?

ఇక పణము మాట. వృత్తిచే న్యాయవాదిని గనుక ఒడంబడిక యనగానే ఇరుపక్షముల సమ్మతిని వెదకుట నాకు అలవాటు. ఈ పందెమునకు ఏనుగు ఎప్పుడు సమ్మతించెను? అది పోవనిండు, వేటగాడైనను నిజముగా పణ మొడ్డుచున్నాడా? పోప్ సింహముల వేటకు పోయినప్పుడు తుపాకులు పట్టినవారు వెంట నుండిరి. నేటికిని భయంకరమృగములను వింటితో కొట్టువాని వెనుక, పెద్ద తుపాకితో వృత్తివేటగా డొకడు నిలుచుట ఆచారము. ఓడినచో పలకను తలక్రిందులు చేయుటకు మనిషిని వెనుక నిలుపుకొని జూదమాడు వానిని మనము ధీరుడందుమా? గాయపడిన దున్న జాడ తీయుచు ముందు నడచువారు సామాన్యముగా ఆ దేశపు కూలివారు. అపాయములో వారి పాలు హెచ్చు. ఛాయాచిత్రములో వారి పాలు తక్కువ.

అయినను వాదమునకు సంపూర్ణావకాశ మిత్తము. తుపాకి లేదు, తోడు లేదు, ఒంటరిగా పోయి సింహము నెదిరించిన నిజమైన సాహసికుడే యున్నాడనుకొందము. అతని యపాయము అతనిది. దానివలన సింహము బాధలో గోరంతయు తరుగదు. నేను కాలు విరుగగొట్టుకొనుటకు సిద్ధపడితిని గనుక పొరుగువాని కాలు విరిచినను దోషము లేదని ఏ న్యాయస్థానమైనను ఒప్పునా? అతనిలో ధైర్యమున్నదని ఒప్పుకొనవచ్చును. కాని ధైర్యము తనంతట మంచిది కాదు, అది దేనికై వినియోగపడెనో చూడవలెను. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించునప్పుడు వీరేశలింగము పంతులుగారికి బెదరింపులు తక్కువా? వెలి తక్కువా? ఆ ధైర్యమునకు ఒక ప్రాణి నెత్తురు కావలసిరాలేదు.

2015 జూలైలో జింబాబ్వేలోని హ్వాంగే వనపు సరిహద్దు వెలుపల సెసిల్ అను సింహము చంపబడిన వృత్తాంతము చదువరులకు జ్ఞాపక ముండవచ్చును. ఆక్స్‌ఫర్డు పండితులు దాని మెడకు పట్టీ కట్టి సంచారమును పరిశీలించుచుండిరి. వింటిచేత గాయపడిన పిమ్మట అది పది పండ్రెండు గంటలు బ్రతికియుండెనని ఆ పరిశోధకులలో నొకరు వ్రాసియున్నారు. ఒక రాత్రి! ఆ రాత్రిని వీరధర్మపు లెక్కలో ఏ పద్దునందు వ్రాయవలెను?

మన పూర్వులకు ఈ సందేహము లేకపోలేదు. మనువు కామజములైన పది వ్యసనములలో మృగయను మొదట నిలిపెను. శాకుంతలమున సేనాపతి మాత్రము, చలించు గురిని కొట్టుటయే విలుకాని గొప్పతనమని వేటను పొగడును. నేటి వేటగాండ్రు చెప్పునది దానికి మించినది కాదు. అదే కాళిదాసు రఘువంశమున అడవియేనుగును కొట్టుట రాజునకు నిషిద్ధమని దశరథుని తప్పుపట్టెను. సరయూతీరపు చీకటిలో, కుండ మునిగిన చప్పుడును ఏనుగు నీరు త్రాగు చప్పుడని భ్రమసి, దశరథు డమ్ము విడిచెను; కూలినది గ్రుడ్డి తలిదండ్రులకు ఏకైకపుత్రుడు. ఈ గ్రంథములను నేను ప్రమాణములుగా చూపుటలేదు. బ్రాహ్మధర్మము ఏ గ్రంథమునకును అంతరాత్మపై అధికార మీయదు. కాని మనలోని అంతరాత్మ వారిలోను పలికినదని తెలిసికొనుట మేలే. శబ్దవేధి నేర్పు దశరథునికి కొరతపడలేదని గమనింపుడు.

గట్టి యాక్షేపణ యొకటి మిగిలినది. జింబాబ్వేలో 1989 నుండి సాగిన కాంప్‌ఫైర్ పద్ధతిలో వేటగాండ్రు చెల్లించు రుసుము గ్రామములకు చేరెను. అందులో పెద్దభాగము ఏనుగుల వేటవలననే. ఆ ధనము లేనిచో పంట కోల్పోయిన రైతు ఏనుగునకు శత్రువగునని పెద్దలు చెప్పుదురు. రైతు కన్నీటిని ఇంటనుండి తేలికచేయుటకు నాకు అధికారము లేదు. చంపుట తప్పనిసరియైన తావులుండవచ్చును కూడ. అయితే ఈ వాదము, నెగ్గినచో, చావును సమర్థించును గాని వింటిని సమర్థింపదు. చంపక తప్పదన్నచోట చంపువానికి మిగిలిన ధర్మ మొక్కటే: అతిశీఘ్రముగా, అతిస్వల్పమైన బాధతో ముగించుట. తన చేతి నేర్పు చూచుకొనుటకై మెత్తని ఆయుధము నెన్నుకొన్నవాడు ఆ ధర్మమునే విడిచినవాడు.

చట్టములును ఈ దిక్కునకే నడచినవి. ఇంగ్లండులో 1981 నాటి శాసనము అడవిమృగములను వింటితో చంపుటను నిషేధించెను. దక్షిణాఫ్రికాలో 2007లో వెలువడిన నిబంధనలు ఏనుగు, ఖడ్గమృగము, పెద్ద క్రూరమృగములపై విల్లు నెత్తగూడదన్నవి. మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనమున, మనుష్యుల ప్రాణములకు అపాయకరమైన మృగమును పట్టుకొనుటకు గాని తరలించుటకు గాని వీలులేనప్పుడు చంపుట కనుజ్ఞ యిచ్చు అధికారము ముఖ్య వన్యప్రాణి పాలకున కున్నది. మనుష్యుల చంపిన పులివిషయమున అట్టి యుత్తరువు పుట్టినప్పుడు ఊరివారందరు గురి తప్పని తుపాకివానికొరకే ఎదురుచూతురు. వచ్చినవాని చేతికి విల్లిచ్చి, నీ ధైర్యము చూపుమని ఎవ్వరును అడుగరు.