గీతకు అవతలి పొలం

ఇండియా నుంచి ఎవరొచ్చినా పెంగ్విన్లనీ గ్రేట్ ఓషన్ రోడ్డునీ చూపిస్తాం గానీ, పాయింట్ కుక్‌కి కూతవేటు దూరంలో ఉన్న వెర్రిబీ సౌత్ చూపించాలని మనకి తోచదు. డంకన్స్ రోడ్డెక్కితే రెండు పక్కలా ఎర్రమట్టిలో కాలీఫ్లవర్, బ్రోకలీ, లెట్యూస్ వరసలు సముద్రం దాకా సాగుతాయి. విక్టోరియా తినే కాలీఫ్లవర్లో పెద్ద భాగం ఇక్కడిదే. ఇండియన్ షాపులో ఆలూగోబీ కోసం మనం కొనే పువ్వు కూడా చాలామటుకు ఇక్కడ పండిందే అయివుంటుంది.

ఈ తోటల్లో చాలావాటి వెనక రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన ఇటలీ కుటుంబాల కష్టం ఉంది. నీళ్ళు వెర్రిబీ నదివి. కరువు రోజుల్లో ఆ నీళ్ళు చాలకపోతే, మెల్‌బోర్న్ వదిలిన మురుగునీటినే శుద్ధి చేసి 2005 నుంచి పొలాలకి పంపుతున్నారు. ఊరు వాడిన నీళ్ళు పొలానికి, పొలంలో పండిన కూర ఊరికి. పద్ధతి బాగానే ఉంది కదా?

చిక్కల్లా గీత దగ్గర వచ్చింది. 2002లో ప్రభుత్వం నగరం చుట్టూ ఒక హద్దు గీసింది. లోపల ఇళ్ళు కట్టుకోవచ్చు, బయట పొలం పొలంగానే ఉండాలి. గీతకు ఇవతల ఉన్న మా పాయింట్ కుక్ ఒకప్పుడు పశువులు మేసిన బీళ్ళు. 2021 జనాభా లెక్కల్లో 66 వేలు దాటింది. అవతల వెర్రిబీ సౌత్. ఇవతల నేల ధర ఇళ్ళు నిర్ణయిస్తే అవతల నేల ధర కాలీఫ్లవర్ నిర్ణయిస్తుంది.

రోడ్డు పక్క బల్ల మీద కూరలు అమ్ముతున్న ఒక పెద్దాయనతో, ఈ పచ్చదనం ఇలాగే ఉండాలండీ అన్నాను. ఆయన నవ్వాడు. "పొలం ఉండాలని అందరూ అంటారు. నేనుండాలా అని ఎవరూ అడగరు" అన్నాడు.

ఆ మాట నాకు కొత్తది కాదు. దుగ్గిరాల దగ్గర మాకు ఉమ్మడిగా అయిదెకరాల పసుపు చేను ఉంది. తొమ్మిది నెలల పంట. సేద్యం అన్నయ్యది. కిందటేడు అమ్మేద్దామన్నాడు. నాన్న దున్నిన నేల కదా అన్నాను. "ఒరే, నీకు తల్చుకోడానికి పొలం కావాలి. నాకు అప్పు తీర్చుకోడానికి కావాలి" అన్నాడు.

ఆ పక్కనే అమరావతి కథ మీకు తెలిసిందే. 2015లో 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా సమీకరించారు. అందులో ఏటా మూడు పంటలు పండే జరీబు నేలలూ ఉన్నాయి. 2019లో ప్రభుత్వం మారి పనులు ఆగాయి, 2024లో మళ్ళీ మారాక మొదలయ్యాయి. అక్కడ రైతుని సేద్యం మానమన్నారు, ఇక్కడ మానొద్దంటున్నారు. రెండుచోట్లా గీత గీసింది నాగలి పట్టనివాళ్ళే.

అయితే నేల పూర్తిగా పట్టా ఉన్నవాడిదేనా? నా మనసు ఒప్పుకోదు. ఒకసారి కాంక్రీటు పోశాక అది మళ్ళీ చేను కాదు. రేపు పుట్టేవాళ్ళకీ తిండి కావాలి. పైగా ఏ పట్టా మొదటిది? ఇటలీవాళ్ళకీ, వాళ్ళకి ముందొచ్చిన ఇంగ్లీషువాళ్ళకీ ముందు ఈ నేల బునురాంగ్ ప్రజలది. వాళ్ళని అడిగి తీసుకోలేదు. కాబట్టి అమ్మొద్దని చెప్పే హక్కు సమాజానికి ఉందనే అంటాను.

కానీ ఆ హక్కు ఊరికే రాకూడదు. పొలం మిగిలితే లాభం లక్షలమందిది, నష్టం మాత్రం ఒక్క కుటుంబానిది. పచ్చదనం చూసి ముచ్చటపడేవాడు నీటి ఖర్చులోనో, కూర ధరలోనో, పన్నులోనో తన వంతు భరించాలి. అది లేకుండా "పొలం ఉండాలి" అనడం ఇంకొకరి జేబులోంచి దానం చెయ్యడమే.

ఈ లెక్క ముందు నాకే వర్తించాలి కనుక అన్నయ్యకి రెండు మాటలు చెప్పాను. నా సగానికి పంపే కౌలు ఇక పంపొద్దు. పంట పోయిన ఏడు నష్టంలో సగం నాది. అయినా అమ్మాలనే అనిపిస్తే మాట్లాడకుండా సంతకం పెడతాను.

వెంటనే ఏమీ అనలేదు. పసుపు తవ్వకాలయ్యాక చెప్తానన్నాడు.