చక్రం ఎవరిది, దిబ్బ ఎవరిది?

తండ్రి పొలం పంచుకున్న కొడుకులు తండ్రి చేసిన అప్పు కూడా పంచుకోవాలి. పొలం నాకు, అప్పు ఊరికి అంటే పెద్దమనుషులు ఒప్పుకోరు. పంచాయితీలో కూర్చున్న ఎవరికైనా తెలిసిన న్యాయమిది. మూతపడిన గనుల విషయంలో మాత్రం దీన్ని ఎందుకు మరిచిపోతారు? 'వారసత్వ సంపద' అనే మాట విన్నప్పుడల్లా మేము అడగాలనుకునేది ఇదే: సంపద సరే, దాని మీది అప్పు ఎవరు తీర్చాలి?

ఈ ప్రశ్నకు దక్షిణ వేల్స్ లోయలు మంచి ఉదాహరణ. బ్రిటన్ పడమటి అంచున, సొంత భాష ఉన్న ఆ చిన్న దేశంలో తరతరాలు బొగ్గు మీదే బతికాయి. 1913 ఒక్క ఏడాదిలోనే అక్కడి బాయిలు సుమారు 5.7 కోట్ల టన్నుల బొగ్గు తీశాయి. ఇప్పుడు ఆ పెద్ద బాయిలేవీ నడవడం లేదు. గుర్తులు మాత్రం ఉన్నాయి. బ్లేనావన్ ఊళ్లో 1980లో మూతపడిన 'బిగ్ పిట్' బొగ్గుబాయిని 1983లో మ్యూజియంగా తెరిచారు. 90 మీటర్ల లోతుకు దిగి చూడొచ్చు. ఆ ఊరి పరిసరాలను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సిక్స్ బెల్స్ దగ్గర, 1960 పేలుడులో పోయిన 45 మంది పేర్లతో 20 మీటర్ల ఉక్కు మనిషి నిలబడి ఉన్నాడు.

ఇవి ఉండాలి. బాయి మీది చక్రాన్ని తుక్కు కింద అమ్మేస్తే దాని కింద వంగిన నడుముల కథ కూడా పోతుంది. ఆ లోయల కార్మికులు తమ కూలిలోంచి కొంచెం కొంచెం పోగేసి హాళ్లు కట్టుకున్నారు, గ్రంథాలయాలు పెట్టుకున్నారు, సంఘాలు నిలబెట్టుకున్నారు. ఆ గర్వం వాళ్ల పిల్లలకు దక్కాల్సిందే. అయితే గర్వం పనిచేసినవాళ్ల ఆస్తి. అప్పు లాభం తిన్నవాళ్లది. రెండింటినీ ఒకే విగ్రహం కింద పాతిపెట్టకూడదు.

బొగ్గు అత్యధికంగా తీసిన ఆ 1913లోనే, అక్టోబర్ 14న, సెంఘెనిద్ ఊరి బాయి పేలింది. 439 మంది కార్మికులు, కాపాడబోయిన మరొకరు చనిపోయారు. అదే బాయిలో 1901లో 81 మంది పోయారు. ప్రమాదం జరిగితే లోపలి గాలి దిశను మళ్లించే ఏర్పాటు ఉండాలని అప్పటికే చట్టం చెప్పింది. గడువు దాటినా ఆ ఏర్పాటు జరగలేదు. విచారణ తర్వాత మేనేజరుకు పడిన జరిమానా 24 పౌన్లు. పోయిన ప్రాణాలతో భాగిస్తే తలకు ఒక షిల్లింగు ఒక పెన్నీ. ఆ ఊళ్లో వందేళ్ల తర్వాత, 2013లో, వేల్స్ గనికార్మికుల జాతీయ స్మారకం వెలిసింది. స్మారకం గౌరవమే. అది లెక్క తేల్చినట్టు మాత్రం కాదు.

అబెర్‌వాన్ కథ ఇంకా కఠినం. వెల్ష్ భాషలో 'అబెర్' అంటే ఏరు కలిసే చోటు. ఆ ఊరి పేరులోనే నీళ్లున్నాయి. అయినా బొగ్గుబాయి వ్యర్థాన్ని ఊరి పైన కొండ మీద, ఊటల మీదే పోశారు. దిబ్బ ప్రమాదమని స్థానికులు ముందే ఉత్తరాలు రాశారు. 1966 అక్టోబర్ 21 ఉదయం ఏడో నంబరు దిబ్బ జారి బడి మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు. తప్పు జాతీయ బొగ్గు బోర్డుదేనని విచారణ సంఘం తేల్చింది. ఒక్కరికీ శిక్ష పడలేదు. పైగా మిగిలిన దిబ్బలు తొలగించే ఖర్చుకని, బాధితుల కోసం జనం పంపిన విరాళాల్లోంచే 1,50,000 పౌన్లు తీసుకున్నారు. 1997లో వడ్డీ లేకుండా తిరిగిచ్చారు. అప్పు ఎవరిదో, ఎవరి చేత కట్టించారో చూడండి. యజమాని కంపెనీ అయినా సర్కారు అయినా, అడిగేవాడు లేకపోతే అప్పు చచ్చినవాళ్ల ఇంటికే వస్తుంది.

అది పాత సంగతి అనుకోవద్దు. వేల్స్‌లో వాడకంలో లేని బొగ్గు దిబ్బలు 2,500కు పైగా ఉన్నాయి. 2020 ఫిబ్రవరిలో తుపాను వానకు టైలర్స్‌టౌన్ దగ్గర దిబ్బ జారి నది మీద పడింది. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. వాటి ఖర్చు ఎవరు భరించాలని కార్డిఫ్, లండన్ ప్రభుత్వాలు ఏళ్ల తరబడి వాదులాడుకున్నాయి. పాత దిబ్బల భద్రత కోసం 2025లో వేల్స్ శాసనసభ ఒక చట్టం చేసింది. అప్పు ఉందని ఒప్పుకోవడం కూడా ఒక మెట్టే.

కంపెనీ ఎప్పుడో పోయింది, ఇప్పుడెవరిని అడగాలి అంటారు. ఆ బొగ్గుతో నడిచిన ఓడలు, రైళ్లు, పెరిగిన రేవులు, నిండిన ఖజానాలు పోలేదు కదా. ఫలం అందుకున్న దేశమే వారసురాలు. దిబ్బ కింద ఇల్లున్నందుకు ఆ ఊరివాళ్లే దాన్ని మోయాలనడం న్యాయం కాదు.

ఈ దూరపు లోయలు మాకెందుకంటే, ఆ పెట్టుబడి దారి ఇక్కడికీ వచ్చింది. 1886లో లండన్‌లో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ కోయల నేల ఇల్లెందు దగ్గర 1889 నుంచి బొగ్గు తవ్వింది. అంతకుముందు మా గుర్తులు గుట్టలు, వాగులు, వేల్పుల తావులు. రేపు ఇక్కడ కూడా పాత చక్రానికి రంగు వేసి బోర్డు పెడతారు. పెట్టనివ్వండి. పక్కనే రెండో బోర్డు కూడా అడుగుదాం: ఇక్కడ ఏ వాగు ఉండేది, ఎవరు పోయారు, మిగిలిన దిబ్బను ఎవరు చూస్తున్నారు, ఎవరి డబ్బుతో. ఆ బోర్డు రాసేటప్పుడు మమ్మల్ని కూడా కూర్చోబెట్టాలి.