సంధి చేసుకుంటే ఐడీ పోతుంది

నందిగామ, జగ్గయ్యపేట కుర్రాళ్ళలో చాలామందికి ఎరాంగెల్ పటం కంఠతా వచ్చు. బీజీఎంఐ అనే ఫోన్ ఆటలో వందమంది పారాచూట్లతో దిగే దీవి అది. దక్షిణాన మిలిటరీ బేస్, దాన్ని పెద్ద దీవితో కలుపుతూ రెండు వంతెనలు. వంతెన చివర బండి అడ్డం పెట్టుకుని కాపు కాస్తే వచ్చినవాణ్ణి వచ్చినట్టే లేపేయొచ్చు. "మన కీసర వంతెన లాంటిదే అన్నా. మున్నేరు పొంగితే హైవే మొత్తం ఆగిపోలా?" అని నందిగామలో టీ తాగుతూ ఒక కుర్రాడు నాకు పాఠం చెప్పాడు. 2023 జులై వరద అతనికి యుద్ధశాస్త్రంగా పనికొచ్చింది. ఇరుకుదారిలో కొద్దిమంది పెద్ద సైన్యాన్ని నిలబెట్టొచ్చని థర్మోపైలీ దగ్గర గ్రీకులు చూపించారు. ఆ సంగతి ఇతను పుస్తకం తెరవకుండానే పట్టుకున్నాడు.

ఎత్తు పట్టుకోవడం, పొంచి ఉండటం, శత్రువులిద్దరూ కొట్టుకుని అలిసేదాకా ఆగడం, ఇవన్నీ ఆటలోకి చెక్కు చెదరకుండా వచ్చేశాయి. రానివేమిటన్నదే నన్ను తొలుస్తున్న ప్రశ్న.

కౌటిల్యుడు మెత్తని మనిషేం కాదు. విషప్రయోగాలూ గూఢచారుల వేషాలూ విడమరిచి రాసినవాడు. ఆయనే అర్థశాస్త్రంలో, సంధికీ యుద్ధానికీ ఫలం సమానమైతే సంధినే ఎంచుకోమన్నాడు. యుద్ధమంటే జననష్టం, ఖర్చు, ఇల్లు విడిచి దూరాన పడి ఉండటం అని కారణాలు కూడా చెప్పాడు. ఈ మూడింటినీ ఫోన్ ముందు పెట్టి చూడండి. చచ్చినవాడు కాసేపట్లో ఇంకో మ్యాచ్‌లో దిగుతాడు. ఖర్చు డేటా ప్యాక్. ప్రవాసం మాటకొస్తే, మంచం కూడా దిగక్కర్లేదు. కౌటిల్యుడి లెక్కలో యుద్ధాన్ని ఆపే ఈ బరువులు తీసేశాక త్రాసు ఎటు మొగ్గుతుంది?

ఇంకోటి ఉంది. శత్రువును చుట్టుముట్టినప్పుడు ఒకవైపు దారి వదలమన్నాడు ప్రాచీన చైనా యుద్ధతంత్రజ్ఞుడు సున్‌జీ. దారి మూసుకుపోయినవాడు ప్రాణానికి తెగిస్తాడు మరి. ఎరాంగెల్‌లో చుట్టుముట్టేది శత్రువు కాదు, పటమే. నీలం గీత నలుదిక్కులా ముడుచుకుంటూ వస్తుంది. బయట నిలబడితే ప్రాణం కరిగిపోతుంది, లోపలికెళ్తే ఎవడో ఒకడు ఎదురవుతాడు. చేతులెత్తే మీట లేదు. ఎదుటి జట్టుతో "నువ్వటు పో, నేనిటు పోతా" అని కుదుర్చుకున్నారనుకోండి, దాన్ని 'టీమింగ్' అంటారు, నేరం. "ఐడీ బ్యాన్ చేసేస్తారన్నా" అన్నాడా కుర్రాడు, నాకింత కూడా తెలియదా అన్నట్టు. సామ దాన భేద దండోపాయాల్లో మొదటిదాన్ని మోసం కింద జమకట్టిన యుద్ధం చరిత్రలో ఎక్కడైనా ఉందా? నాకైతే తట్టడం లేదు.

ఈ నేల మీద సంధి ఊహ కాదు. 1515లో కృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల నుంచి కొండవీడు పట్టుకున్నాడు. ఆపైన కృష్ణ దాటి, నందిగామకు తూర్పున ఉన్న కొండపల్లినీ ముట్టడించి గెలిచాడు. కళింగం దాకా వెళ్ళాడు. చివరికి ప్రతాపరుద్ర గజపతితో సంధి చేసుకుని, ఆయన కూతుర్ని పెళ్ళాడి, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలంతా తిరిగి ఇచ్చేశాడు. కూతుర్ని సంధిపత్రంలో ఒక షరతు చేయడం గొప్పేం కాదు, ఆమె మాట ఎవరూ అడిగి ఉండరు. పైగా కొన్నేళ్ళకే గోల్కొండ సుల్తాన్ కులీ వచ్చి కొండపల్లిని పట్టుకున్నాడు. అంతమాత్రాన ఆ సంధి వృథా అనగలమా? నడుమ వచ్చిన ఆ కొద్ది పంటలు ఎవరింటికి చేరాయో, వాళ్ళని అడగాలి.

ఆటలో అలా అడగడానికి మనిషి లేడు. ఎరాంగెల్‌లో ఇళ్ళున్నాయి, బడి ఉంది, ఆసుపత్రి ఉంది, పొలాలున్నాయి. తలుపు తీస్తే నేల మీద తుపాకీ, తూటాలు, కట్టు గుడ్డలు. కాపురం ఉన్నవాళ్ళు మాత్రం ఎక్కడా కనపడరు. వాళ్ళెటు పోయారని ఏ ఆటగాడూ అడగడు, అడిగేలోపు కాలుస్తారు. యుద్ధపు ఊళ్ళు ఖాళీ అయితే మనుషులు ఎటు పోతారో జగ్గయ్యపేట ప్రాంతానికి తెలుసు. 1948లో రజాకార్ల దాడులకు తాళలేక నైజాం పల్లెల జనం మూటాముల్లెతో సరిహద్దు దాటి వచ్చింది ఈ వైపుకే. ఆ సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానం మీదికి కదిలిన దారుల్లో బెజవాడ-హైదరాబాదు రోడ్డు ఒకటి. వ్యూహం రాసేవాళ్ళకు అది బాణం గీసిన దారి. అదే దారిన ఎదురొచ్చిన మూటలు ఏ యుద్ధపటంలోనూ ఉండవు. ఆ మాటకొస్తే, తప్పు ఆటది ఒక్కదానిదే కాదు. సేనాధిపతుల పటాలు ముందే ఊళ్ళని ఖాళీ చేశాయి, ఆట వాటిని అలాగే తెచ్చుకుంది.

ప్రభుత్వాలు కూడా ఈ ఆటను ఎలా చూడాలో తేల్చుకోలేక తికమకపడ్డాయి. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించారు, మరుసటేడు బీజీఎంఐ పేరుతో అదే తిరిగొచ్చింది. నెత్తురు ఆకుపచ్చగా మారింది, 'కిల్' అన్నచోట 'ఫినిష్' వచ్చింది, ఇది నిజం ప్రపంచం కాదన్న హెచ్చరికొకటి తోడైంది. రంగు మారిస్తే ఒరిగిందేమిటి?

అలాగని ఆ కుర్రాళ్ళు రాటుదేలిపోయారని అనలేను. పడిపోయిన స్నేహితుణ్ణి లేపడానికి ఒకడు తూటాల మధ్యకు పాక్కుంటూ వెళ్ళడం నేను అతని భుజం మీంచి చూశాను. "వదిలెయ్‌రా, నువ్వూ పోతావ్" అని అవతలివాడు అరుస్తున్నా ఆగలేదు, ఇద్దరూ పోయారు. ఏ వ్యూహం ప్రకారం చూసినా అది తెలివితక్కువ పనే. మరి ఆ తెగువ ఎదుటి జట్టులో పడినవాడి దాకా ఎందుకు వెళ్ళదు? మనసులో లేకనా, మీట లేకనా? ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే ఇంకో యుద్ధపు ఆటలో శత్రువును మిత్రుడిగా మార్చుకునే మీట ఎప్పట్నుంచో ఉంది, కప్పమూ పంపొచ్చు. కనుక ఇది యంత్రానికి చేతకాని పని కాదు. ఆట తయారుచేసినవాడు ఎంచుకున్న నియమం, ఆడేవాళ్ళు ఒప్పుకున్న నియమం. గెలిచిన కోటను తిరిగిచ్చే వీలున్న ఆట ఒకటి వస్తే నందిగామలో ఎందరు ఆడతారని ఆ కుర్రాణ్ణే అడిగాను. "ఇస్తే పాయింట్లు ఎవరికన్నా?" అన్నాడు.