కంచె లోపల ఉన్నవాడి మాట

ఈ వారం ధ్యానభాగము ఆదికాండము 26:17-22. డ్యూటీకి పోయే బస్సులోనైనా సరే, ఒకసారి తెరిచి చదువుకోండి.

ఇస్సాకు పనివారు గెరారు లోయలో బావి తవ్వారు. నీళ్లు పడగానే అక్కడి కాపరులు వచ్చి ఇవి మావే అన్నారు. ఆయన దానికి ఏశెకు, అంటే జగడం అని పేరు పెట్టి ముందుకు పోయాడు. రెండో బావి దగ్గరా గొడవే, అది శిత్నా. మూడోదానికి ఎవరూ జగడానికి రాలేదు, అది రహెబోతు. మనం ఇక్కడ ఆపి "సర్దుకుపోండి" అని బోధిస్తాం. నేనూ చాలాసార్లు అలాగే చెప్పాను. కానీ ఇంకో బావి తవ్వుకునే జనం, బలం ఇస్సాకుకు ఉన్నాయి. అవి లేనివాడి సంగతేంటి?

లండన్‌లో లాంబెత్ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఒక పాత బడి స్థలంలో ఇళ్లు కట్టారు. కొన్ని సొంతానికి కొనుక్కున్నవాళ్లవి, కొన్ని తక్కువ అద్దెకిచ్చే సోషల్ హౌసింగ్ ఇళ్లు. ఆటస్థలం అందరిదీ అని మొదట ప్లానులో చెప్పారు. తీరా కట్టాక అద్దె ఇళ్లవైపు గేటు లేదు, పొదల కంచె ఉంది. మెయింటెనెన్స్ డబ్బులు వాళ్లు కట్టడం లేదు కదా అని కారణం చెప్పారు. పిల్లలు కిటికీలోంచి చూడాల్సిందే. 2019 మార్చిలో గార్డియన్ పత్రికలో వచ్చాక గానీ ఆ అడ్డు తొలగలేదు. 2021 నాటి లండన్ ప్లానులో ఆటస్థలాలను ఇలా విడదీయకూడదని రాశారు. నన్ను కదిలించింది ఇంకొకటి. ఇల్లు కొనుక్కున్న తల్లిదండ్రులు కూడా ఇది అన్యాయమని వీళ్ల పక్షాన నిలబడ్డారు. వాళ్ల పిల్లలకి గేటు తెరిచే ఉంది, అయినా మాట్లాడారు.

నేను అలా చేయలేదు. గల్ఫ్‌లో మా క్యాంపుకి ఒకటే వాలీబాల్ కోర్టు, వారానికి ఒకటే శుక్రవారం. మన తెలుగువాళ్లం చందా వేసుకుని నెట్టు, బంతి కొన్నాం. ఐదు గంటల నుంచి చీకటి పడేదాకా కోర్టు మాదే అని రూలు పెట్టాం. అట్టముక్క మీద రాసింది నేనే. నేపాలీ కుర్రాళ్లు అడిగితే "చందా కట్టారా?" అన్నాను. వాళ్ల జీతం మాకంటే తక్కువని నాకు తెలుసు. వాళ్లు గోడ పక్కన కూర్చుని చూసేవాళ్లు, బంతి అటు పోతే తెచ్చిచ్చేవాళ్లు. ఆ దేశంలో నేల మాది కాదు, నెట్టు మాత్రం మాదట! అప్పటికే ప్రార్థనకూటంలో లేచి సాక్ష్యం చెబుతున్నవాణ్ణి నేను, చూడండి.

యూకేలో ఉన్న తమ్ముళ్లూ, మీరు లీజర్ సెంటర్‌లో బ్యాడ్మింటన్ కోర్టు బుక్ చేసుకుంటారు. కట్టిన డబ్బుకి ఆ గంట మీదే, తప్పు లేదు. కానీ వాటా ఇచ్చుకోలేని స్టూడెంట్ తమ్ముడు, కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసే చెల్లి మీ గ్రూపులో ఉన్నారా? బయటివాడు అడిగితే గొడవపడుతున్నాడంటారు. లోపలివాడు అడిగితే కాస్త వింటారు.

ఈ వారం మీ క్యాంపులోనో, ఫ్లాట్ల గేటు దగ్గరో అతికించిన రూల్సు కాగితం చదవండి. దానివల్ల ఎవరు బయట ఉన్నారో చూసి, మీరే లేచి అడగండి. మీ కోసం ప్రార్థిస్తాను, నా కోసమూ ప్రార్థించండి. క్షమించమని అడుగుదామంటే ఆ నేపాలీ కుర్రాళ్లలో ఒక్కరి నంబరు కూడా నా దగ్గర లేదు. ఆమేన్.