మనవాళ్లు లేని పోటీ

యూరప్‌కు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు యూరోవిజన్ పాటల పోటీని టీవీలో చూసి ఆశ్చర్యపోతారు. మెరిసే బట్టలు, వేదిక మీద మంటలు, పొగలు, ఒక్క ముక్క అర్థంకాని భాషలు. ఇందులో మనకేముందని అడుగుతారు. నాకైతే ఆ పోటీ అంటే ప్రాణం. మే నెలలో ఫైనల్ జరిగే శనివారం కోసం ఏడాదంతా ఎదురు చూస్తాను. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉన్న మా కర్నూలు, కడప కుటుంబాలు ఆ రాత్రి ఎవరో ఒకరి ఇంట్లో చేరతాయి.

పోటీ మొదలయ్యేది రాత్రి తొమ్మిదికి. అప్పుడు కర్నూలులో పన్నెండున్నర. అయినా ఊళ్లో నిద్రపట్టని వాళ్లెవరో ఒకరు వీడియో కాల్‌లో కనబడుతూనే ఉంటారు. వంట ఏముండాలన్నదాని మీద మాలో వాదన లేదు, ఉగ్గాని బజ్జీ. బొరుగులు ఇక్కడి ఇండియన్ షాపులో దొరుకుతాయి. వాటిని నీళ్లలో ముంచి, మెత్తబడకముందే గట్టిగా పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పసుపు వేసిన తిరగమాతలో కలపాలి. పైన పుట్నాల పొడి చల్లాలి. ఆ పిండే పని ఎప్పుడూ మా ఆదోని అక్కదే. ఆమె చేతికి ఉన్న అంచనా మాకెవరికీ లేదు. పొయ్యి కట్టేసేలోపు పిల్లలు నేల మీద కూర్చుని తెల్లకాగితాల మీద దేశాల పేర్లు రాసుకుంటారు. ఒక్కో పాటకు మూడు నిమిషాలే. సంగీతం ముందే రికార్డు చేసి ఉండవచ్చు కానీ గాయకుడి గొంతు మాత్రం అక్కడికక్కడ పాడాల్సిందే. శ్రుతి తప్పితే కోట్లమంది ముందు తప్పుతుంది. పిల్లలకు ఆ సంగతి తెలుసు కాబట్టి కాగితం పట్టుకుని ఊపిరి బిగబట్టి వింటారు.

ఈ పోటీలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఒక నియమం. ఎవరూ తమ దేశానికి తాము ఓటు వేసుకోకూడదు. జర్మనీ ఫోన్ నుంచి జర్మనీకి ఓటు పడదు. పోటీ 1956 మే 24న స్విట్జర్లాండులోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి పదకొండేళ్లు. ఒకరి ఊళ్ల మీద ఒకరు బాంబులు వేసుకున్న దేశాలు ఒక వేదిక మీద పాటలు పాడుకోవడానికి వచ్చాయి. ఆ మొదటి ఏడాది న్యాయనిర్ణేతలు సొంత దేశానికి కూడా మార్కులు వేసుకోవచ్చు. ఎవరు ఎవరికి వేశారో బయటపెట్టలేదు. ఆతిథ్యమిచ్చిన స్విట్జర్లాండే గెలిచింది. మరుసటి ఏడాదే నియమం మార్చారు. మార్కులు అందరికీ కనబడేలా బోర్డు కూడా పెట్టారు. ఆ 1957 పోటీ జరిగింది మేముంటున్న ఈ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. ఆ మాట మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

మా సీమలో మనోడు అన్న మాటకున్న బలం చాలా పెద్దది. మనోడు నిలబడితే వెనక మనం నిలబడాలి. ఆ గుణం మీద నాకు గౌరవమే ఉంది. కరువు నేలలో మనుషులు ఒకరినొకరు పట్టుకుని బతికింది దానివల్లే. 2006 ఇండియన్ ఐడల్‌లో కారుణ్య చివరిదాకా వెళ్లినప్పుడు, 2010లో శ్రీరామచంద్ర గెలిచినప్పుడు తెలుగువాళ్లు ఎస్సెమ్మెస్‌లతో ఫోన్లు అరగదీశారు. ఇద్దరూ గొప్పగా పాడారు, ఆ ఓట్లకు తగినవాళ్లే. కానీ ఎదుటివాళ్ల పాట ఎంతమందిమి పూర్తిగా విన్నాం? జర్మనీలో స్థిరపడిన టర్కీ కుటుంబాలదీ ఇదే కథ. టర్కీ ఈ పోటీలో పాల్గొన్నన్నాళ్లూ జర్మనీ ప్రేక్షకుల ఓట్లు టర్కీకి దండిగా పడేవి. ఊరు విడిచి వచ్చినవాళ్ల ప్రేమ అది, దాన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు.

మాకు మాత్రం యూరోవిజన్‌లో ఆ ప్రేమ చూపించే వీలే లేదు. భారతదేశం పోటీలో ఉండదు. 2015 నుంచి ఆస్ట్రేలియాను కూడా పిలుస్తున్నారు కానీ మనదాకా రాలేదు. ఉంటున్న జర్మనీకి వేద్దామంటే నియమం ఒప్పదు. వేదిక మీద మనవాళ్లంటూ ఎవరూ లేనప్పుడు ఇక మిగిలేది పాటే. మన ఊరు, మన భాష, మన కులం అన్న లెక్కలేవీ లేకుండా చెవి ఒక్కటే చెప్పే తీర్పు ఎలా ఉంటుందో నాకు ఆ గదిలోనే తెలిసింది.

2017లో పోటీ కీవ్‌లో జరిగింది. పోర్చుగల్ నుంచి సల్వడోర్ సొబ్రాల్ అనే కుర్రాడు వచ్చాడు. అతనికి గుండె జబ్బు. మొదటి రిహార్సల్స్‌కు రాలేకపోతే అక్క లుయీజా అతని బదులు నిలబడి పాడింది. పాట రాసి బాణీ కట్టింది కూడా ఆమే. ఫైనల్ రాత్రి అతను పెద్ద వేదిక వదిలి, జనం మధ్యలో ఉన్న చిన్న దిమ్మె మీద ఒక్కడే నిలబడి పోర్చుగీసులోనే పాడాడు. మంటలు లేవు, నాట్యం లేదు. మా స్నేహితుడి అమ్మ అప్పుడే ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఉన్నారు, మేమంతా పెద్దమ్మా అని పిలుస్తాం. అంతవరకు బజ్జీలు మాడకుండా చూసుకుంటున్న మనిషి, గరిటె చేతిలోనే ఉండగా వచ్చి టీవీ ముందు నిలబడ్డారు. పాట అయ్యాక, "ఈ పిల్లోనికి ఇయ్యండబ్బా. ఎంత ఇదిగా పాడినాడు! వానికి ఒంట్లో బాగలేనట్టుందే" అన్నారు. అతని జబ్బు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. 1964లో మొదటిసారి పాల్గొన్న పోర్చుగల్ ఆ రాత్రి 758 మార్కులతో తొలిసారి గెలిచింది. గెలిచాక మళ్లీ పాడమన్నప్పుడు అతను అక్కను పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు.

పెద్దమ్మకు ఆ చెవి టీవీ వల్ల రాలేదు, నాటకాల పందిళ్ల వల్ల వచ్చింది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు కీచకవధ ఆడించి సురభి నాటక సమాజాన్ని మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎన్ని సమాజాలు ఎన్ని ఊళ్లలో పందిళ్లు వేశాయో! పద్యం ఎత్తుకున్న నటుడు ఏ ఊరివాడని ఎవరూ అడిగేవాళ్లు కాదు. గొంతు నిలిస్తే "వన్స్‌మోర్" అని పందిరి అదిరిపోయేది, నిలవకపోతే సొంత ఊరివాడైనా దిగిపోవాల్సిందే. ఆమె చిన్నప్పుడు చాప చంకన పెట్టుకుని వెళ్లి తెల్లవార్లూ కూర్చున్నది ఆ పందిళ్లలోనే.

టీవీ కాలంలో ఆ నిజాయితీని నిలబెట్టింది గాయకుడు బాలుగారు. ఈటీవీలో 1996లో ఆయన పాటల పోటీ పాడుతా తీయగా మొదలైనప్పుడు మా కర్నూలు వీధిలో అందరి ఇళ్లలో టీవీ లేదు, ఉన్న ఇంటి వరండా నిండిపోయేది. పిల్లవాడు పాడగానే ఆయన ముందు మెచ్చుకునేవారు. తర్వాత ఎక్కడ గమకం జారిందో, ఏ అక్షరం నలిగిందో తానే పాడి చూపించేవారు. ఓడినవాళ్ల తల దించనిచ్చేవారు కాదు. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల కోసం అక్కడికి వెళ్లి కూడా ఆ కార్యక్రమం నడిపారు. ఇంగ్లిషు యాస కలిసిన గొంతుల్ని కూడా అదే ఓపికతో విన్నారు. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయారన్న వార్త వచ్చినప్పుడు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఇంటికి ముందు ఫోన్ చేసింది మాతో యూరోవిజన్ చూసే స్నేహితులే.

అందుకే ఈ సంచిక ద్వారా మన సంఘం పెద్దలకు ఒక మనవి. ఉగాదికి పిల్లల పాటల పోటీ పెట్టినప్పుడల్లా హాల్లో ఒక మూల గుసగుసలు, ఇంకో మూల అలకలు. ఎవరి పిల్లలు పాడేటప్పుడు వాళ్లే వీడియో తీస్తారు, మిగతావాళ్ల పాటప్పుడు టిఫిన్ వరసలో ఉంటారు. వచ్చే ఉగాదికి ప్రతి కుటుంబానికీ ఒక మార్కుల కాగితం ఇద్దాం. అందులో సొంత పిల్లల పేరు ఎదురుగా గడి ఖాళీగా వదలాలి, మిగతా అందరికీ మార్కులు వేయాలి. వేయాలంటే వినక తప్పదు. సగం మార్కులు కుటుంబాలవి, సగం సంగీతం తెలిసిన ఇద్దరు పెద్దలవి. మా ఇంట్లో యూరోవిజన్ రాత్రి పిల్లలు ఇలాగే చేస్తున్నారు, మార్కులు కూడి చదివి వినిపించేది కూడా వాళ్లే. కాగితాలు అచ్చు వేయించే పని నాకు వదిలేయండి. టిఫిన్ మాత్రం పాటలన్నీ అయ్యాకే పెట్టాలి.